లోతు సముద్రంలో దొరికిన సముద్ర దోసకాయ కొత్త జాతేనా? గుర్తింపు నుంచి పేరు పెట్టడం దాకా

మూడు నాలుగు వేల మీటర్ల లోతు నుంచి పైకొచ్చిన సముద్ర దోసకాయ ఏదైనా సరే, చూసినవాళ్లకు కొత్తదిగానే అనిపిస్తుంది. వింతగా ఉండటం కొత్త జాతి అనడానికి సాక్ష్యం కాదు. ఇప్పటికే పేరున్న దగ్గరి జాతుల్ని ఒక్కొక్కటిగా పక్కకు పెట్టగలిగినప్పుడే అది కొత్తదవుతుంది. అందుకు కావాల్సిన ఆధారాల్లో చాలా భాగం ఓడ డెక్ మీద మొదటి గంటలోనే మిగలడమో పోవడమో జరుగుతుంది. ఇక్కడ భద్రపరచడానికీ, చర్మంలోని సున్నపు కణికలకీ, పాత జాతులతో పోలికకీ ఎక్కువ చోటిచ్చింది అందుకే.

ఉదాహరణగా సైక్రోపోటిస్ ప్రజాతిని (జీనస్) తీసుకుందాం. ఎలాసిపోడిడా క్రమం, సైక్రోపోటిడే కుటుంబం. వీపు మీద తోకలాంటి ఒంటి అనుబంధం, శరీరం అంచు చుట్టూ నాళికా పాదాలు (గొట్టాల్లాంటి చిన్న పాదాలు) కలిసిపోయి ఏర్పడిన అంచుపట్టీ, పొట్ట మధ్యలో జంట వరుస పాదాలు దీని గుర్తులు. రంగు ఎక్కువగా ఊదా.

ఓడ ఎక్కక ముందు

2001 నుంచి భారత్‌లో సముద్ర దోసకాయలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. మన జలాల్లో అనుమతి లేకుండా ఒక్కటి తీసినా నేరమే. పరిశోధన కోసమన్నా మినహాయింపు దానంతట అది రాదు. రాతపూర్వక అనుమతి చేతిలో ఉండాలి. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల నాడ్యూల్ (సముద్రం అడుగున ఉండే లోహపు ముద్దలు) అన్వేషణ ప్రాంతం లాంటి చోట్ల సేకరణ అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో కుదిరిన ఒప్పందం పరిధిలో జరుగుతుంది. నమూనాలు ఎవరివి, ఎక్కడ జమ చేయాలి అన్నది ముందే తేల్చుకోండి. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జీవజాతి దొరికితే గుర్తింపు పొందిన భాండాగారానికి తెలిపి, ఆధార నమూనాలు అక్కడ జమ చేయాలి. జంతువుల విషయంలో కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ అలాంటిది. కణజాలాన్ని విదేశీ ల్యాబ్‌కు పంపాలనుకుంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందుగా చూసుకోండి. పంపేశాక అనుమతి అడగడం కుదరదు.

1. నీళ్లలో ఉండగానే చూడండి

ఆర్‌ఓవీతో, అంటే ఓడ మీది నుంచి నడిపే నీటి రోబోతో, సేకరిస్తుంటే జీవిని పట్టుకునే ముందు కనీసం ఒక నిమిషం వీడియో తీయండి: పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి. కొలతకు వాడే రెండు లేజర్ చుక్కలు ఫ్రేమ్‌లో పడాలి. తోక నిటారుగా ఉందా, వెనక్కి వాలిందా, అంచుపట్టీ ఎంత వెడల్పు, వీపు మీద ముళ్లలాంటి పాపిల్లాలు ఎన్ని జతలు అన్నవి ఇక్కడ తప్ప మరెక్కడా సరిగా కనిపించవు. జెల్లీ లాంటి ఈ శరీరాలు గాలిలోకి రాగానే నానిన సగ్గుబియ్యంలా కూలబడిపోతాయి.

అడుగున ఈడ్చే ట్రాల్ వలతో తెస్తే ఈ అవకాశం ఉండదు. పైగా బురద, నాడ్యూల్ రాళ్ల రాపిడికి పైచర్మం ఊడిపోతుంది, తోక తెగిపోతుంది. తోక తెగిన సైక్రోపోటిస్‌ను చూసి బెంథోడైటిస్ అనుకునే ప్రమాదం ఉంది. ఈ రెండు ప్రజాతుల్ని విడదీసే ముఖ్య గుర్తు ఆ తోకే మరి. ట్రాల్ నమూనాలో వీపు వెనుక భాగం మీద చిరిగిన మచ్చ ఉందేమో భూతద్దంతో వెతకండి.

2. డెక్ మీద మొదటి గంట

చల్లటి సముద్రపు నీరు (2 నుంచి 4 డిగ్రీలు) ట్రేలలో ముందే సిద్ధంగా ఉండాలి. జీవి పైకి రాగానే ఆ నీళ్లలోనే ఉంచి, స్కేలు, రంగుల కార్డు పక్కన పెట్టి, వీపు, పొట్ట, రెండు పక్కలు, నోటి చుట్టూ ఫోటోలు తీయండి. ఊదారంగు ఆల్కహాల్‌లోకి దిగిపోతుంది. కొన్ని నెలలకు సీసాలో ద్రవం ఊదాగా, జీవి పాలిపోయి కనిపిస్తాయి. రంగు గురించి మీరు రాయగలిగేది ఈ ఫోటోల్లో ఉన్నంతే.

తర్వాత ఇదే వరుసలో చేయండి.

ముందు డీఎన్‌ఏ కోసం కణజాలం తీయండి. పొట్టపక్క చిన్న గాటు పెట్టి, లోపలి నిలువు కండర పట్టీ నుంచి కందిగింజంత ముక్క చాలు. స్పర్శకాల (నోటి చుట్టూ ఉండే చేతుల్లాంటివి) కొనలు, పేగు వద్దు. వాటికి అంటుకున్న బురదలోని ఇతర జీవుల డీఎన్‌ఏ కలిసిపోతుంది. ముక్కను 96 శాతం ఇథనాల్‌లో వేయండి. ఒక పాలు కణజాలానికి పది పాళ్లు ద్రవం ఉండాలి. 24 గంటల తర్వాత ఇథనాల్ మార్చి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. ఈ మార్పు వదిలేస్తే ముక్కలోని నీళ్లకు ఇథనాల్ పలచబడి డీఎన్‌ఏ ముక్కలవుతుంది.

రెండోది, ఆసికిల్స్ (చర్మంలోని సున్నపు కణికలు) కోసం శరీర భిత్తి ముక్కలు. వీపు, పొట్ట, తోక, ఒక స్పర్శకం, ఒక నాళికా పాదం నుంచి ఒక్కో చిన్న ముక్క తీసి విడిగా ఇథనాల్‌లోనే పెట్టండి. మిగతా జీవిని ఎలా స్థిరపరిచినా ఈ బీమా మీ చేతిలో ఉంటుంది.

మూడోది మొత్తం జీవి. ఇథనాల్‌లో నేరుగా వేస్తే జెల్లీ శరీరం సగానికి సగం కుంచించుకుపోవచ్చు. ఆకారం నిలవాలంటే ఫార్మలిన్ మెరుగు. కానీ ఫార్మలిన్ నిల్వ ఉన్న కొద్దీ ఆమ్లమవుతుంది. ఆసికిల్స్ మెగ్నీషియం ఎక్కువగా ఉండే కాల్సైట్. ఆమ్లంలో కరిగిపోతాయి. పాత సంగ్రహాల్లో చక్కగా కనిపించే జీవుల చర్మంలో ఒక్క ఆసికిల్ కూడా లేకపోవడానికి కారణం ఇదే. తప్పనిసరైతే దుకాణంలో దొరికే ఫార్మలిన్ ఒక పాలు, సముద్రపు నీరు తొమ్మిది పాళ్లు కలిపి, బోరాక్స్ వేసి, పీహెచ్ 8 దగ్గర ఉందని కాగితంతో పరీక్షించి వాడండి. 24 నుంచి 48 గంటలు చాలు. తర్వాత నీళ్లతో కడిగి, మెట్లు మెట్లుగా 70-80 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. ఒకే జాతివి రెండు మూడు దొరికితే ఒకదాన్ని ఫార్మలిన్‌లో, మిగతావాటిని ఇథనాల్‌లో ఉంచడం మంచిది. ఒక్కటే దొరికితే, పై రెండు ముక్కలూ తీశాకే ఫార్మలిన్ గురించి ఆలోచించండి.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి: ఓడ, యాత్ర, స్టేషన్ నంబరు, తేదీ, వల దిగిన చోటి అక్షాంశ రేఖాంశాలు, లేచిన చోటివి, లోతు, పరికరం, స్థిరపరిచిన ద్రవం. బాల్‌పెన్ సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. సీసా బయట మార్కర్‌తో రాసినదాన్ని నమ్ముకోకండి.

3. బయటి కొలతలు

స్థిరపరచక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలవండి. రెండూ రాయండి. పాత గ్రంథాల్లో ఉన్నవి దాదాపు ఎప్పుడూ నిల్వచేసిన జీవి కొలతలే. తాజా కొలతతో వాటిని పోలిస్తే మీ జీవి ఊరికే పెద్దదిగా కనిపిస్తుంది.

సైక్రోపోటిస్‌కు కొలవాల్సినవి: శరీరం పొడవు (తోక కాకుండా), వెడల్పు, తోక పొడవు, తోక మొదలు నుంచి శరీరం వెనుక కొసకు దూరం, అంచుపట్టీ వెడల్పు, స్పర్శకాల సంఖ్య, పొట్ట మధ్య వరుసలో పాదాల జతలు, వీపు పాపిల్లాల జతలు, నోరు, మలద్వారం ఏ వైపుకు తిరిగి ఉన్నాయో. తోక పొడవును శరీరం పొడవుకు నిష్పత్తిగా రాయండి. తోక ఎక్కడ మొదలవుతుందన్నది దాని పొడవు కంటే నమ్మదగిన గుర్తు. పొడవు సాగుతుంది, కుంచించుకుంటుంది, తెగుతుంది. మొదలు మాత్రం కదలదు.

స్పర్శకాల్ని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. లోపలికి ముడుచుకున్నవి, తెగినవి ఉంటాయి. తెగినదాని మొదలు కనిపిస్తే అదీ లెక్కే.

4. కోసి చూడటం

గుర్తులేవీ లేని చోట కోయండి. సైక్రోపోటిస్‌లో పొట్ట మధ్య వరుస, అంచుపట్టీ, తోక మొదలు ముట్టుకోకూడదు. వీపు పక్కగా నిలువుగా గాటు పెట్టడం మేలు. చూడాల్సింది తక్కువే. శ్వాస వృక్షాలు (కొమ్మల్లా చీలిన శ్వాస అవయవాలు) ఉన్నాయా? ఎలాసిపోడిడాలో ఉండవు. ఉంటే మీరు తప్పు క్రమంలో వెతుకుతున్నారు, సినలాక్టిడా వైపు చూడండి. గొంతు చుట్టూ ఉండే సున్నపు వలయం ఎలాసిపోడ్‌లలో చాలా పెళుసు. వేలితో కదిపితే పొడవుతుంది, ఉన్నచోటే ఫోటో తీయండి. బీజకోశాలు ఒకవైపా రెండువైపులా, గుడ్లు కనిపిస్తే వాటి వ్యాసం ఎంత అన్నది రాసుకోండి. గుడ్లు లేని చిన్న జీవిని పెద్దదిగా భావించి వర్ణించే పొరపాటు దీంతో తప్పుతుంది.

5. ఆసికిల్స్: అసలు పని ఇక్కడే

జాతి వర్ణన నిలిచేదీ కూలేదీ ఎక్కువగా వీటి మీదే. ఒక్కసారి మైక్రోస్కోప్‌లో పెడితే చాలాసార్లు కుటుంబం తెలిసిపోతుంది. చక్రాలు కనిపిస్తే లాట్మోగోనిడే గానీ, కాళ్లులేని మైరియోట్రోకిడే, కైరిడోటిడే గానీ కావచ్చు. లంగరు ఆకారాలు, రంధ్రాల పలకలు జంటగా ఉంటే సినాప్టిడే. రంధ్రాల పెద్ద పలకలు డైమాటిడేలో. నాలుగు చేతుల శిలువ, మధ్య నుంచి పైకి లేచిన కొమ్ము ఉంటే సైక్రోపోటిడే కావచ్చు. పెలాగోథూరియాలో అసలు ఉండవు. కాబట్టి ‘ఏమీ కనిపించలేదు’ అనేది కూడా సమాచారమే, ఫార్మలిన్ కరిగించలేదని మీకు నమ్మకం ఉంటేనే.

తీసే పద్ధతి:

మూడు మిల్లీమీటర్ల చదరపు ముక్కను గాజు పలకల మధ్య కాకుండా చిన్న గాజు గొట్టంలో వేయండి. 4-5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవం, అంటే బట్టలకు వాడే ద్రవ బ్లీచ్, పది పదిహేను చుక్కలు పోయండి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు వాడొద్దు. అందులోని సున్నం తెల్లటి మడ్డిగా దిగి ఆసికిల్స్‌తో కలిసిపోతుంది. టాయిలెట్ క్లీనర్‌లలో చాలావాటిలో ఆమ్లం ఉంటుంది. అది ఆసికిల్స్‌ను నిమిషాల్లో మింగేస్తుంది, పైగా బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

కణజాలం కరిగే దాకా పది నిమిషాల నుంచి గంట పట్టొచ్చు. కుదపకండి. కొమ్ములు విరుగుతాయి. అడుగున తెల్లటి పొడి కూర్చున్నాక పై ద్రవాన్ని సన్నని డ్రాపర్‌తో మెల్లగా తీసి, శుద్ధజలం పోయండి. అయిదు నుంచి పది నిమిషాలు కూర్చోనిచ్చి మళ్లీ తీయండి. ఇలా కనీసం అయిదుసార్లు. తక్కువ కడిగితే ఎండిన స్లైడ్ మీద ఉప్పు స్ఫటికాలు చతురస్రాలుగా, చెట్టు కొమ్మలుగా మెరుస్తాయి. కొత్తవాళ్లు వాటినే ఆసికిల్స్ అనుకుని బొమ్మ గీసిన సందర్భాలున్నాయి. సెంట్రిఫ్యూజ్ తిప్పి తొందరపడితే పొడవాటి చేతులు విరిగి, ‘కడ్డీ ఆకారపు ఆసికిల్స్’ అనే లేని రకం పుట్టుకొస్తుంది. కడగడం పూర్తయ్యాక నీళ్లలో రాత్రంతా వదిలేయకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన శుద్ధజలం కొద్దిగా ఆమ్లమే. 96 శాతం ఇథనాల్‌లోకి మార్చండి.

ఆసికిల్స్‌లో సగాన్ని ఇథనాల్‌తో పాటే స్లైడ్ మీద వేసి ఎండబెట్టి, స్లైడ్ జిగురు (డీపీఎక్స్ గానీ కెనడా బాల్సమ్ గానీ) వేసి మూయండి. మిగతా సగం ఎస్ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కోసం. కార్బన్ టేపు అంటించిన స్టబ్ (చిన్న లోహపు దిమ్మ) మీద ఒక చుక్క వేసి ఆరబెట్టి బంగారు పూత వేయించండి. శిలువలు ఎక్కువగా బోర్లా పడతాయి. కొమ్ము కనిపించాలంటే కనురెప్ప వెంట్రుక అంటించిన పుల్లతో కొన్నింటిని పక్కకు తిప్పాలి. ఓపిక పని, కానీ కొమ్ము ఎత్తు, దాని కొసన ముళ్లు ఎన్ని అన్నదే చాలాసార్లు రెండు జాతుల్ని విడదీస్తుంది.

ప్రతి భాగం నుంచి, ప్రతి రకం నుంచి కనీసం 30 ఆసికిల్స్ కొలవండి: కేంద్రం నుంచి చేతి కొస దాకా, మైక్రాన్లలో. సగటు ఒక్కటే కాదు, చిన్నది ఎంత, పెద్దది ఎంత అన్నదీ ఇవ్వండి. వీపు ముక్క, పొట్ట ముక్క కలిపేసి ‘శరీర భిత్తి ఆసికిల్స్’ అని రాస్తే ఆ వర్ణన పోలికకు పనికిరాదు. అందమైనవాటిని మాత్రమే ఏరి ఫోటో తీయడమూ అంతే తప్పు. చేతులు మూడున్నవి, అయిదున్నవి, వంకరవి ఎంత శాతం ఉన్నాయో చెప్పాలి.

6. డీఎన్‌ఏ

సాధారణంగా మైటోకాండ్రియా సీఓఐ జన్యువులో 650 బేస్‌ల చిలుకు భాగం, తోడుగా 16ఎస్ భాగం చదివిస్తారు. సీఓఐకి అన్ని జంతువులకూ వాడే ప్రైమర్‌లు (ఆ భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ తునకలు) సముద్ర దోసకాయల్లో తరచు విఫలమవుతాయి. సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలు చేరే ఇఖైనోడర్మేటా సమూహం కోసం రూపొందించినవి వాడండి. రెండు దిశల్లోనూ చదివించండి. వరుసను ప్రోటీన్‌గా అనువదించి చూసేటప్పుడు జన్యుసంకేతాల పట్టికల్లో 9వది, ఇఖైనోడర్మ్ మైటోకాండ్రియాది, ఎంచుకోవాలి. మామూలు పట్టిక పెడితే మధ్యలో ‘ఆపు’ సంకేతాలు కనిపించి మంచి వరుసను పారేస్తారు.

ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతి అనే గీత లేదు. మీ ప్రజాతిలోనే జాతి లోపలి తేడాలు ఎంత, జాతుల మధ్య తేడాలు ఎంత అన్నవి పక్కపక్కన పెట్టి, మధ్యలో ఖాళీ ఉందో లేదో చూడండి. జన్యు బ్యాంకులోని (జెన్‌బ్యాంక్, డీఎన్‌ఏ వరుసల ఆన్‌లైన్ నిల్వ) పేర్లను గుడ్డిగా నమ్మకండి. అక్కడ ‘సైక్రోపోటిస్ లాంగికాడా’ అని ఉన్నదంతా అదే కాదు. మహాసముద్రాలన్నింటా ఉందనుకున్న ఆ ఒక్క పేరు కింద పలు విడి వంశాలు దాగి ఉన్నాయని జన్యు పరిశీలనల్లో తేలింది.

7. పాతవాటితో పోలిక

నెలలు పట్టేది ఇదే. ప్రపంచ సముద్ర జీవుల రిజిస్టర్‌లో ఆ ప్రజాతి కింద ఉన్న పేర్లన్నీ, చెల్లేవీ పర్యాయనామాలుగా (అదే జాతికి మరో పేరు అని) పక్కన పెట్టినవీ, జాబితా రాయండి. పర్యాయనామాలను వదిలేయడమే ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. బ్రిటిష్ ఓడ చాలెంజర్ యాత్ర (1872-76) సేకరణలోని ఎలాసిపోడ్‌లను స్వీడన్ శాస్త్రవేత్త యాల్మార్ థీల్ 1882లో వర్ణించారు. బంగాళాఖాతం, అండమాన్, అరేబియా సముద్రాల్లో ‘ఇన్వెస్టిగేటర్’ ఓడ తెచ్చిన లోతు సముద్రపు సముద్ర దోసకాయల్ని కోహ్లర్, వానీ 1905లో కలకత్తాలో ప్రచురించారు. 1975లో బెంట్ హాన్సెన్ డెన్మార్క్ వారి గలతియా సముద్ర యాత్ర నివేదికలో ఎలాసిపోడ్‌లన్నింటినీ తిరిగి పరిశీలించి, పాత పేర్లు ఎన్నింటినో ఒకే జాతి కిందికి కలిపేశారు. ఇప్పుడు డీఎన్‌ఏ వాటిని మళ్లీ విడదీస్తుంటే, మీ ‘కొత్త’ జీవికి నూరేళ్ల కిందటే పేరు ఉండి ఉండొచ్చు. అలా తేలితే పాత పేరును తిరిగి నిలబెట్టాలి. కొత్త పేరు పెట్టే హక్కు ఉండదు. బంగాళాఖాతం నుంచి వచ్చిన నమూనా అయితే 1905 నాటి జాతులు చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.

ప్రతి పేరుకూ మూల వర్ణన చదవండి, తర్వాతి పుస్తకాల్లోని సారాంశం కాదు. ఒక పట్టిక వేయండి: అడ్డంగా జాతులు, నిలువుగా గుర్తులు, ప్రతి గడిలో సంఖ్య, ఆ సంఖ్య ఎక్కడిదో. ఖాళీ గడులే మీరు మూల నమూనాల్ని స్వయంగా చూడాల్సిన చోట్లు. చాలెంజర్‌వి లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. ముందు క్యూరేటర్‌కు రాసి ఫోటోలు, పాత స్లైడ్‌ల చిత్రాలు అడగండి. చాలాసార్లు అవే సరిపోతాయి. కొత్తగా ముక్క కోయడానికి అనుమతి ఆఖరి మాట.

తేడాలు కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది వయసు తేడానా? సైక్రోపోటిస్ పిల్లలు నేలకు చాలా ఎత్తున నీటిలో తేలుతూ దొరికాయి, వాటి నిష్పత్తులు పెద్దవాటివి కావు. ఇది దెబ్బతిన్న గుర్తా? ఇది నిల్వ ద్రవం చేసిన తేడానా? మూడింటికీ కాదని తేలి, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు గుర్తులు, ఉదాహరణకు తోక మొదలయ్యే చోటు, కొమ్ము ఆకారం, డీఎన్‌ఏ, ఒకే మాట చెబితే ముందుకు వెళ్లండి. డీఎన్‌ఏ ఒక్కటే వేరుగా ఉంటే, పేరు పెట్టకుండా ‘సైక్రోపోటిస్ జాతి 1’ అని ప్రచురించి ఇంకో నమూనా కోసం ఆగడమే మా సలహా.

8. పేరు, రాత, ప్రచురణ

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తప్పనిసరైనవి కొన్నే, కానీ ఒక్కటి తప్పినా పేరు చెల్లదు. ఇది కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి. ఇతర జాతుల నుంచి వేరుచేసే లక్షణాల్ని మాటల్లో చెప్పాలి. బొమ్మ ఒక్కటే చాలదు. హోలోటైప్ (ఆ పేరుకు ఆధారమైన ఒకే నమూనా) ఏదో, అది ఏ సంస్థలో ఉందో రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే, 2012 సవరణ ప్రకారం ఆ రచన జంతు నామాల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టర్ జూబ్యాంక్‌లో ముందే నమోదై, ఆ నమోదు ఆధారమూ ప్రచురణ తేదీ కూడా వ్యాసంలోనే కనిపించాలి.

హోలోటైప్‌గా తోక, స్పర్శకాలు నిలిచిన పెద్ద జీవిని ఎంచుకోండి. ఆసికిల్ స్లైడ్‌లు, స్టబ్‌లు, డీఎన్‌ఏ కూడా దాని నుంచే వచ్చి ఉండాలి, అన్నింటికీ అదే నమోదు సంఖ్య ఉండాలి. బొమ్మ ఒక జీవిది, డీఎన్‌ఏ ఇంకో జీవిదైతే, రేపు అవి రెండు జాతులని తేలితే పేరు ఎవరిదో తేలదు. వర్ణనకు వాడిన మిగతా నమూనాలు పారాటైప్‌లు. వీలైతే ఒకటి రెండు వేరే మ్యూజియంలో పెట్టండి.

పేరులో విశేషణం ప్రజాతి లింగాన్ని అనుసరించాలి. ‘ఇండికస్, ఇండికా, ఇండికమ్’ మూడింటిలో ఏది అన్నది ప్రజాతి చెబుతుంది. ఊరి పేరుతో ‘ఎన్సిస్’ పురుష, స్త్రీ లింగాలకు, ‘ఎన్సె’ నపుంసకానికి. వ్యక్తి గౌరవార్థమైతే పురుషుడికి ‘ఐ’ (-i), స్త్రీకి ‘ఏ’ (-ae) చేరుస్తారు. మీ పేరు మీరే పెట్టుకోవడాన్ని నియమావళి ఆపదు గానీ, ఈ రంగంలో దాన్ని ఎవరూ మెచ్చరు. అదే ప్రజాతిలో ఆ పేరు ఇంతకుముందు వాడారా అన్నది తప్పక వెతకండి.

వ్యత్యాస లక్షణాల పేరా చిన్నగా, లెక్కలతో ఉండాలి. ఉదాహరణకు ఊహించి రాసినది: ‘తోక శరీరం పొడవులో మూడో వంతు, వెనుక కొస నుంచి శరీరంలో అయిదో వంతు ముందుకు మొదలవుతుంది, స్పర్శకాలు 18, వీపు శిలువల కొమ్ము కొసన నాలుగు ముళ్లు, పెద్ద శిలువలు లేవు.’ ‘అందంగా, కొంత పొడవుగా, దాదాపు ఊదాగా’ లాంటి మాటలకు ఇక్కడ చోటు లేదు. తర్వాత పూర్తి వర్ణన: బయటి రూపం, లోపలి నిర్మాణం, ఆసికిల్స్ భాగాలవారీగా, రంగు బతికున్నప్పుడు, నిల్వలో. ఆపైన దొరికిన చోటు, లోతు, నేల స్వభావం, పోలిక పట్టిక, పేరుకు అర్థం.

పేరు ప్రచురణ అయ్యేదాకా థీసిస్‌లో, పత్రికా ప్రకటనలో, వీడియోలో వాడకండి. వర్ణన లేకుండా బయటికొచ్చిన పేరు చెల్లదు సరికదా, తర్వాత అదెక్కడిదో తేల్చలేక అందరూ తలలు పట్టుకుంటారు. జూటాక్సా, జూకీస్ లాంటి పత్రికల్లో సమీక్షకులు మొదట అడిగేది ఆసికిల్ ఫోటోల పక్కన స్కేలు గీత, హోలోటైప్ నమోదు సంఖ్య. వ్యాసం పంపే ముందే నమూనాను సంస్థకు అప్పగించి సంఖ్య తీసుకోండి. ‘జమ చేయబోతున్నాం’ అని రాస్తే చాలా చోట్ల వెనక్కి వస్తుంది. డీఎన్‌ఏ వరుసలు జన్యు బ్యాంకులో చేర్చేటప్పుడు జాతి పేరుతో పాటు ఆ మ్యూజియం సంఖ్యనూ రాయండి. వ్యాసం వచ్చాక భాండాగారానికి ప్రతి పంపి, సీసాలోని లేబుల్ మీద ‘హోలోటైప్’ అని ఎర్ర అక్షరాల్లో చేర్పించండి.